గుంటుపల్లి గుహలోని వాసములు

ఏలూరు జిల్లా కామవరపుకోట మండలమున, జీలకఱ్ఱగూడెము చెంత గుంటుపల్లి కొండ యున్నది. ఆ కొండ కడుపున రెండువేల యేండ్లకు పైబడిన చైత్యగృహ మొకటి తొలువబడి యున్నది. అది గుండ్రని గది, నడుమ స్తూపము, స్తూపము చుట్టును ప్రదక్షిణమునకు చాలినంత త్రోవ. ఇంతవరకు వింత లేదు. తల యెత్తి చూచినవారికి వింత గోచరించును. కప్పున వాసము లున్నవి. నడికొప్పు నుండి నలుదెసలకును గొడుగుకమ్ములవలె వంగి దిగిన వాసములు, వానిని కలుపు అడ్డకమ్ములు, సమస్తమును ఱాయియే. ద్వారముపై గుఱ్ఱపు లాడము వంటి తోరణము, తోరణము క్రింద దూలపు కొనలు వెలికి చొచ్చుకొని వచ్చినట్లు చెక్కిన మొనలు, అవియు ఱాయియే. ఈ వాసములు దేనిని మోయుట లేదు. పైన నున్నది తాటాకు గాదు, పెంకు గాదు, సాక్షాత్తు కొండ. కొండకు వాసము లేల? ఉలితో ఱాతిని తొలుచువాడు అడుగడుగునకు తనకు ద్విగుణమైన శ్రమను కొనితెచ్చుకొని, అక్కఱలేని కొయ్యను ఱాతిలో నేల చెక్కెను?

ఈ ప్రశ్నను చిన్నదిగా నెంచరాదు. దీనికి చెప్పు సమాధానమును బట్టి మన పూర్వులను గూర్చి మన మేమి తలంచుచున్నామో తేలును.

పందొమ్మిదవ శతాబ్దిలో ఒక సమాధానము మిక్కిలి ప్రచారమున నుండెను. దాని కర్త జేమ్సు ఫెర్గుసన్. ఈయన కలకత్తాలో నీలిమందు వ్యాపారమున ధనమార్జించి, పిమ్మట భారతీయ వాస్తువునకు చరిత్రకారు డయ్యెను. 1868లో సాంచి, అమరావతి శిల్పములపై నొక మహాగ్రంథమును, 1876లో భారతీయ వాస్తుచరిత్రను ప్రకటించెను. ఆయన పరిశ్రమను మేము కాదనము. అమరావతి శిల్పములు లండనులో ఒక గిడ్డంగిలో మూలబడి యుండగా వెలికి తీయించి లోకమునకు చూపినవా డాయనయే. కాని యాయన సిద్ధాంత మిది: అలెగ్జాండరు రాకకు ముందు హిందువులకు శిలానిర్మాణము తెలియదు, వారికి తెలిసినది కొయ్య, యవనుల సంపర్కముచేత ఱాతిపని నేర్చి, నేర్చిన క్రొత్తలో కొయ్యరూపమును విడువలేక ఱాతిలో అనుకరించిరి. అనగా గుంటుపల్లి వాసములు ఒక శిశువు తప్పటడుగులు.

వంగదేశీయుడైన రాజేంద్రలాల మిత్రుడు దీనిని తీవ్రముగా ఖండించెను. మన దేశమున శిలానిర్మాణము యవనులకు పూర్వమే కలదని వాదించెను. అందులకు ఫెర్గుసన్ దొర 1884లో నొక పుస్తకమే వ్రాసి, ఈ బాబు తప్పులు చూడుడు, ఇట్టి వారికా యూరోపియనులను విచారించు న్యాయాధికారము నిచ్చునది, అని ఇల్బర్టు బిల్లు తగవును పురావస్తుశాస్త్రములోనికి లాగెను. స్తూపముల కాలనిర్ణయమునకును కచేరీలో తెల్లవానిపై తీర్పు చెప్పు హక్కునకును గల సంబంధము పాఠకులకు దుర్గ్రాహ్యమైనచో, అది వారి లోపము గాదు.

అయినను మా కొక సందేహము. మిత్రుడు దేశాభిమానముతో పోరాడెను. కాని ప్రత్యర్థి పఱచిన చాపమీదనే కూర్చుండి పోరాడెను. ఱాయి నాగరకత, కొయ్య అనాగరకత అను మాటను ఇరువురును అంగీకరించిరి. తగవంతయు ఱాయి ఎప్పుడు వచ్చెనను దానిని గూర్చియే. కొయ్యతో కట్టుట సిగ్గుపడదగిన పని యని యెవరు చెప్పిరి?

యవనులు మాత్రము చెప్పలేదు. మెగస్తనీసు చూచి వ్రాసిన దానిని ఆధారముగా గొని అరియను చెప్పిన మాట వినదగినది. నదీతీరములందును సముద్రతీరములందును గల పట్టణములను భారతీయులు కొయ్యతో కట్టుదురట. ఇటుకతో కట్టినచో వానకును వరదకును నిలువవట. మెట్టప్రదేశములందు మాత్రమే ఇటుకయు మన్నును వాడుదురట. పాటలీపుత్రము చుట్టును కొయ్యకోట యుండెనని యాతడు వర్ణింపగా, ఆ కొయ్యకోట శేషములు ఇరువదవ శతాబ్దిలో పాట్నా చెంత బులందీబాగు త్రవ్వకములలో బయల్పడినవి. ఇది అజ్ఞానము గాదు. నేల నెఱిగినవాని వివేకము. మన డెల్టాలో పుట్టి పెరిగినవారికి దీనిని వ్యాఖ్యానించి చెప్పనక్కఱలేదు. 1864లో మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనను తాతలు చెప్పిరి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమను ఊడ్చిన ఉప్పెనను కన్నవారు నేటికిని మన నడుమ నున్నారు. గాలికి ఎదురు నిలువక పక్కకు జారవిడుచు చుట్టిల్లు మన తీరమున నిట్లే పుట్టినది. గుండ్రని మట్టిగోడ, శంఖాకారపు కప్పు, కొప్పున కలిసిన తాటివాసములు, నేలదాక దిగిన తాటాకు. గుంటుపల్లి చైత్యగృహమును చూచి చుట్టింటిలో నడుగిడినవాడు, చుట్టింటిని చూచి గుంటుపల్లికి పోయినవాడు, ఇరువురును ఒకే యింటికి పోయినవారు.

గుంటుపల్లి ఒంటరి కాదు. గయకు సమీపమున బరాబరు కొండలలో అశోకుడు తన పట్టాభిషేకపు పండ్రెండవ యేట ఆజీవకుల కిచ్చిన సుదామగుహ లోపల ఇట్టి గుడిసెయే ఱాతిలో చెక్కబడినది. రాజస్థానమున బైరాటులో అశోకుని నాటి గుండ్రని ఆలయ మొకటి 1935లో త్రవ్వకములందు కనబడెను. దాని గోడలో ఇటుకల నడుమ ఇరువదియాఱు అష్టకోణ దారుస్తంభములు నిలిపిరట. స్తంభములు పోయినవి, అవి నిలిచిన తావులు మిగిలినవి. ఇక పశ్చిమకనుమలలోని కార్లే చైత్యాలయము. అచట కొండను తొలిచి, కప్పును ఏనుగు వెన్నువలె వంచి, ఆ ఱాతికప్పునకు నిజముగా టేకు వాసములనే తెచ్చి బిగించిరి. అవి నేటికిని ఉన్నవి! శిలలో కొయ్యను చెక్కుటతో తృప్తి గొనక, శిలకే కొయ్యను తొడిగిరన్నమాట. అంత గొప్ప గుహను అంత నేర్పుతో తొలిచినవారికి ఱాతిపని రాకపోయె ననుట సాహసము. చేతగాక కొయ్యను విడువని వారు కారు వీరు, విడువ నొల్లనివారు.

అమరావతి స్తూపము చుట్టును ఉండిన వేదికను చూడుడు. అది పలనాటి సున్నపుఱాతితో చేసిన కంచె. నిలువుకంబములు, వాని నడుమ అడ్డముగా దూర్చిన పలకలు, తలపై పొడుగాటి దిమ్మెలు. ఈ అడ్డపలకకు శాస్త్రమున 'సూచి' యని పేరు. సూచి యనగా సూది. కంబమున బెజ్జము తొలిచి, పలక కొనను సన్నముగా చెక్కి, దారమెక్కించినట్లు అందులో దూర్చుట. ఇది ఱాతిపనివాని పద్ధతి గాదు; పశువుల దొడ్డికి దడి కట్టువాని పద్ధతి, తలుపుచట్రము చేయు వడ్రంగి పద్ధతి. ఱాతిని ఱాతిపై పేర్చి బరువుచేత నిలుపవచ్చును. ఱాతికి బెజ్జము పెట్టి ఱాతికొనను దూర్చ నవసరము లేదు. కాని ఊరిబయట మఱ్ఱిచెట్టు చుట్టును, రావిచెట్టు చుట్టును, మహనీయుల చితాభస్మము పోసిన మట్టిదిబ్బ చుట్టును మనవారు మొట్టమొదట కట్టిన కంచె కొయ్యకంచె. పవిత్రమైనదానికి కంచె యిట్లుండవలెనని కన్ను నేర్చినది, చేయి తప్పలేదు.

ఆ కంచె గతి యేమాయెనో ఆంధ్రులకు తెలిసిన కథయే. పందొమ్మిదవ శతాబ్ది తొలినాటికే అమరావతి ఱాళ్లు కట్టడములకు పోయినవి, సున్నపు బట్టీలకు పోయినవి. మెకంజీ 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వించిన శిల్పములు మదరాసునకు, అటనుండి లండనునకు పోయినవి. బ్రిటిషు మ్యూజియమున నేడును ఉన్నవి. సముద్రము దాటినవానికై మనము వగచుట సహజము. కాని బట్టీలో కాలి సున్నమై మన యిండ్ల గోడలకే పూతయైనవాని కొఱకు ఎవరిని అడుగుదుము?

మిగిలిన పలకలమీది బొమ్మలే మనకు దారుమయమైన ఆంధ్రదేశమును చూపుచున్నవి. అమరావతి శిల్పి నగరద్వారమును చెక్కెను, మేడను చెక్కెను, బోధివృక్షము చుట్టును కట్టిన బోధిగృహమును చెక్కెను. ఆ మేడలకు కొయ్యస్తంభములు, కొయ్యపిట్టగోడలు, వంపు దిరిగిన కప్పులు, కప్పుకొనను లాడపు గవాక్షములు. ఆనందకుమారస్వామి 1930 ప్రాంతమున ప్రాచీన భారత వాస్తువును గూర్చి వ్రాసిన వ్యాసములలో మన పట్టణములు, కోటవాకిళ్లు, బోధిగృహములు ఎట్లుండెనో ఇట్టి బొమ్మల నుండియే పునర్నిర్మించి చూపెను. శిథిలము లేకున్నను చిత్రము మిగిలినది. నాగార్జునకొండలో నిందులకు విపర్యయము. అచట మండపముల శిలాస్తంభములు వరుసలు దీరి నిలిచి యుండెను. వానిపై కప్పు లేదు. ఆ కప్పు కొయ్యది గనుక కాలము తినివేసినది. 1954 మొదలు 1960 వఱకు జరిగిన త్రవ్వకముల పిమ్మట ఆ లోయయు జలాశయమున మునిగినది.

ఇంతవరకు చెప్పినది చరిత్ర. కొయ్యకును ధర్మమునకును గల సంబంధ మింతకంటె లోతైనది.

తథాగతుడు చెట్టుక్రింద జన్మించెను, చెట్టుక్రింద బుద్ధు డయ్యెను, రెండు సాలవృక్షముల నడుమ పరినిర్వాణమందెను. భిక్షువునకు మొదట చెప్పిన నివాసము వృక్షమూలము. పిదప, వానకాలమున నొకచోట నిలువవలసి వచ్చినందున గుడిసెలు వచ్చినవి. గుడిసెతో కొయ్య వచ్చినది, కొయ్యతో తగవు వచ్చినది. వినయపిటకమున నీ తగవులు మనోహరముగా చెప్పబడియున్నవి. మన పండితులు దానిని నియమముల పట్టిక యని తలచి తెఱువక విడుచుట పొరపాటు.

ఆళవి యను నూర భిక్షువులు కుటీరములు కట్టుకొనుచు, దూలము దెండు, వాసము దెండు, గొడ్డలి దెండు, బండి దెండు, పనివానిని దెండు, అని ఊరివారిని వేపిరట. ఊరివారు కాషాయమును చూచిన పరుగెత్త సాగిరి. తుదకు దూరమున ఆవులను చూచియు భిక్షువు లనుకొని పరుగెత్తి రని గ్రంథకర్త నవ్వు దాచుకొనక వ్రాసెను. (చందా పుస్తకములు చంక నిడుకొని తిరుగు మా జాతీయోద్యమ మిత్రులు ఈ ఘట్టమును నాడు చదివి యుండిరేని బాగుండెడిది.) అంతట బుద్ధుడు తనకై తాను కట్టుకొను కుటీరము పండ్రెండు జేనల పొడవు, ఏడు జేనల వెడల్పు మించరాదని నియమించెను.

రాజగృహమున ధనియుడను భిక్షువు కుమ్మరి బిడ్డ. పుల్లలతో కట్టుకొన్న గుడిసెను ఆతడు భిక్షకు పోయినప్పు డెల్ల కట్టెలవారు విప్పుకొని పోవుచుండగా విసిగి, మట్టితో గుడిసె చేసి, తన కులవిద్యతో కాల్చి, ఎఱ్ఱని కుండవంటి యిల్లు నిలిపెను. మట్టిలోని క్రిమికీటకములు కాలి చచ్చినవి గదా యని బుద్ధుడు దానిని పగులగొట్టించెను. పాప మా ధనియుడు ఏమి చేయును? నగరరక్షణకై దాచియుంచిన రాజుగారి కొయ్యను, రాజు నా కిచ్చెనని చెప్పి, అడితి కాపరివద్ద పుచ్చుకొని కొయ్యయిల్లు కట్టెను. బింబిసారుడు విచారింపగా, మహారాజా, పట్టాభిషేకమునాడు శ్రమణులకు గడ్డియు కఱ్ఱయు నీరును ఇచ్చితినని మీరే చాటితిరి గదా యనెను. రాజు విడిచిపెట్టెను, బుద్ధుడు విడిచిపెట్టలేదు. ఈయని వస్తువును గైకొన్న భిక్షువు సంఘమునకు బాహ్యుడను రెండవ పారాజిక ఈ కొయ్యదూలములతో పుట్టినది. తొలిదోషి యగుట ధనియుడు మాత్రము బ్రతికెను.

మూడవ కథ తక్కినవానికంటె గంభీరము. కుటీరము బాగుచేయుచు చెట్టు నఱుకుచున్న భిక్షువును, నా యిల్లు కూల్చి నీ యిల్లు కట్టుకొనకు మని వృక్షదేవత వేడుకొనెను. వాడు వినక గొడ్డలి వేసెను. దెబ్బ దేవత బిడ్డ చేతికి తగిలెను. వానిని చంపెదనని లేచిన తల్లి, తన్ను తాను నిగ్రహించుకొని బుద్ధునికడకు పోయి మొఱ పెట్టుకొనెను. బుద్ధు డామెను మెచ్చి, ఖాళీగానున్న మఱియొక చెట్టును ఆమెకు చూపి, భిక్షువులు చెట్లు నఱుకరాదని శాసించెను.

నా యిల్లు కూల్చి నీ యిల్లు కట్టుకొనకుము: దారునిర్మాణములోని ధర్మసంకట మంతయు ఈ యొక్క మొఱలో నున్నదని మా తలంపు. ఱాతిని తొలిచినప్పుడు ఎవరును ఏడ్వరు. కొయ్య ఒకనాడు ప్రాణముతో నుండినది. దానికి ఆకు లుండెను, నీడ యుండెను. దానితో కట్టినవాడు ఋణముతో కట్టుచున్నాడు. ఋణము తీర్చుమార్గము కట్టినదానిని మితముగా కట్టుట, బాగుచేసికొనుచుండుట, పదుగురికి నీడ యిచ్చునట్లు చేయుట. పండ్రెండు జేనల కొలత కేవలము లోభము గాదు.

ఇక గుంటుపల్లి వాసములు. జ్ఞానోదయవేళ తథాగతుడు పలికెనని సంప్రదాయము చెప్పు గాథ యొకటి ధమ్మపదమున నున్నది. అందు తృష్ణయే వడ్రంగి, జన్మపరంపరయే యిల్లు. వాసములు విఱిగి కొప్పు కూలుటయే విముక్తి. భిక్షువున కీ గాథ కంఠస్థము. గుంటుపల్లి గుహలో దీపము చేతబట్టి స్తూపమునకు ప్రదక్షిణము చేయు భిక్షువు తలపై ఏమున్నవి? వాసములు. ఎన్నటికిని విఱుగని వాసములు. వాని నడుమనున్న స్తూపము మరణమునకును నిర్వాణమునకును గుఱుతు. విఱుగుట తెలిసినవారు విఱుగనివానిని చెక్కిరి. అనిత్యమని బోధించువారు అనిత్యమైనదాని ఆకారమును నిత్యము చేయ యత్నించిరి. దీనిని పరస్పర విరోధ మని కొట్టివేయవచ్చును. మాకు మాత్రము అట్లు తోచదు. కొయ్యగుడిసె నశించును, తరువాతివాడు వచ్చి మరల అట్లే కట్టును, నిలుచునది కొయ్య గాదు, అట్లే యను మాట. ఱాతిలో చెక్కినది ఆ మాటను. వానకాలమున తొలి శ్రమణులు కూడి కూర్చున్న గడ్డికప్పు క్రిందనే తామును కూర్చుంటిమని తరువాతివారు తెలిసికొనవలెను. గుహ యెంత గొప్పదైనను అందు నివసించువాడు గుడిసెలోని వాడే యని కప్పు చెప్పుచుండవలెను. రాజులు దానములు కుమ్మరించు కాలమున సంఘమున కిట్టి జ్ఞాపిక అత్యవసరము.

దానము లిచ్చినవారు రాజులు మాత్రమే కారు. అమరావతి శాసనములలో విధికు డను చర్మకారుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కూడి పూర్ణఘటము చెక్కిన పలక నిచ్చెనని యున్నది. ఊరివెలుపల నుంచబడిన చేతులు స్తూపమున పేరుతో నిలిచిన కాల మది.

ఆ ఆకారము బౌద్ధముతో పోలేదు. పలనాటి చేజెర్లలోని కపోతేశ్వరాలయమును చూచినవా రెఱుగుదురు: వెనుక గుండ్రమై, కప్పు ఏనుగు వెన్నువలె వంగి, ముందు లాడపు మొగముతో నున్న ఆ ఇటుకగుడి నిక్కముగా వంచిన వెదుళ్లపై గడ్డి కప్పిన సావడి. నేడు శివుడున్నాడు, రూపము చైత్యగృహమునది. ఆ లాడపు గవాక్షమే చిన్నదై 'కూడు' అను పేర మన దేవాలయముల కపోతములపై వరుసలు దీరినది. బెజవాడలోనే మొగల్రాజపురపు గుహలకు పోయి చూరుమీద చూడుడు. గవాక్షములలో ముఖములు తొంగిచూచుచుండును. పూరింటి కప్పుకొన గాలికై విడిచిన కంత, దేవతలకు కిటికీ యయ్యెను. గుంటుపల్లి స్తూపమును గ్రామస్థులు ధర్మలింగేశ్వరుడని పూజించుచున్నారు. 'ధర్మ' శబ్దము ఎట్లు నిలిచెనో! స్తూపమును ధ్వంసము చేయక లింగమని మ్రొక్కిన జానపదుని మతమును పండితులు పరిహసింపరాదు. బట్టీ పెట్టినవానికంటె వాడు బుద్ధునకు దగ్గఱివాడు.

సజీవమైన కొయ్యగుడులు చూడవలెనన్న తూర్పునకు పోవలెను. జపానులోని హోర్యూజీ విహారము 670లో కాలిపోగా మరల కట్టిరి. ఆ కట్టిన స్వర్ణమందిరమును ఐదంతస్తుల గోపురమును లోకమున మిగిలిన దారుభవనములలో అతి ప్రాచీనములు. 1949 జనవరి 26వ తేదీ ఆ మందిరమున నిప్పంటుకొని, అజంతా చిత్రములకు చుట్టములని పేరొందిన కుడ్యచిత్రములు మాడిపోయినవి. ఆ దుఃఖమునుండి 1950లో జపాను ప్రభుత్వము సాంస్కృతికసంపద రక్షణకు చట్టము చేసెను. ఆ చట్టము క్రింద వారు వస్తువులనే గాక విద్యలనుగూడ ఆస్తిగా లెక్కించిరి. కొయ్య కాలును గనుక కొయ్యపని తెలిసిన చేయి ఉండవలెనని వారెఱిగిరి.

బర్మా మన తెలుగువారికి దూరదేశము గాదు. రంగూను ఓడరేవున, బియ్యపు మిల్లులలో, కఱ్ఱకోత మిల్లులలో చెమటోడ్చినవారు వేలకు వేలుగా మనవారే. కోరంగిరేవు పేర వారిని 'కోరంగీ' లని పిలిచిరి. 1930 మే నెలలో బర్మీయ కూలీలకును వీరికిని నడుమ కంపెనీలు పెట్టిన పోటీ నెత్తుటికాలువ లయ్యెను. 1942లో బాంబులకు వెఱచి కాలినడకన అడవులు దాటి వచ్చినవారును, దారిలో రాలినవారును వీరే. వీరు మోసిన టేకు మన డెల్టాలోని మండువా లోగిళ్ల స్తంభములై నేటికిని నిలిచియున్నది. ఆ దేశమున మాండలేలో 'ష్వే నండా' యను టేకు విహార మున్నది. అది మొదట రాజమందిరము. 1878లో మిండాన్ రాజు అందే మరణింపగా, కుమారుడు థీబా దానిని విప్పించి కోట వెలుపలికి తరలించి విహారముగా నొసగెను. 1885లో ఇంగ్లీషువారు థీబాను పదభ్రష్టుని జేసి మన రత్నగిరికి ప్రవాసము పంపిరి. ఆతడు 1916లో అచటనే కన్ను మూసెను. 1945లో బాంబులచే కోటలోని రాజభవనములు బూడిదయైనవి. ధర్మమునకు దానముచేసినది మాత్రమే మిగిలినది. కొయ్యయిల్లు విప్పి మరల కూర్ప వీలగుటచేత నిది సాధ్యమయ్యెను. ఱాతికోట కెట్లు సాధ్యము?

మన దేశమున విప్పి కూర్చు విద్య పూర్తిగా నశింపలేదు. పూరీ జగన్నాథుడు దారుబ్రహ్మము. 2015లో నవకళేబరము జరిగి వేపకొయ్యతో స్వామికి క్రొత్త దేహము వచ్చెను. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథము 2020 సెప్టెంబరున దగ్ధమైనప్పుడు తెలుగుదేశ మంతయు కలతచెందెను. దోషులెవరని కక్షలు లేచినవి. ఆ కోలాహలమున ఒక చిన్న సంగతిని ఎవరును పాటింపలేదు. కొలది మాసములలో టేకుతో క్రొత్త రథము తయారై, 2021 ఫిబ్రవరి ఉత్సవములకు నడిచెను. చేసినవా రుండిరి గనుక చేసిరి. రథ మనగా చక్రములపై నిలిచిన కొయ్యగుడి గదా. అంతస్తులు, కపోతములు, కొప్పు, సమస్తమును అందున్నవి. బౌద్ధుల దారువాస్తువునకు నేడు మన తీరమున మిగిలిన యథార్థ వారసుడు రథకారుడే. పాళీగ్రంథములలోని 'వడ్ఢకి' యే మన వడ్రంగి, పేరుగూడ మాఱలేదు.

కాని యీ వడ్రంగి పరిస్థితి యేమి? అతని కుమారుడు ప్లైవుడ్డు పలకలకు మేకులు కొట్టు పనిలో నున్నాడు, లేదా ఆ పనియు విడిచెను. మండువా లోగిళ్లు విప్పబడుచున్నవి. స్తంభములు, ద్వారబంధములు, చెక్కడపు దూలములు పాతవస్తువుల వర్తకుల లారీలెక్కి, హోటళ్ల అలంకారములకై పోవుచున్నవి. అమరావతి ఱాళ్లు బట్టీకి పోయినప్పుడు చూచుచు నూరకున్న తాతలను నిందించు మనమే, ఈ లారీలకు దారి యిచ్చుచున్నాము. ఏ యింటిని బలవంతముగా నిలుపుడని మేము చెప్పము. చెదలు తిన్న యింట కాపురము చేయువాని కష్టము వానిది. విప్పుటకు ముందు కొలతలు వ్రాయించుట, కూర్పులను చిత్రించుట, ఒక్కొక్క కూర్పునకు వడ్రంగులు వాడు పేరును వారి నోటనే విని దాచుట, ఇవి మాత్రము వ్యయసాధ్యములు గావు.

బెజవాడ బందరు రోడ్డున బాపు మ్యూజియ మున్నది. పూర్వము విక్టోరియా జూబిలీ మ్యూజియము. అల్లూరు నుండి వచ్చిన బుద్ధవిగ్రహ మందున్నది. బడిపిల్లలు వచ్చి, ఱాళ్లను చూచి, పేర్లు వ్రాసికొని పోవుదురు. ఆ యావరణమున ఒక మూల అమరావతి వేదికలో రెండు కంబములను, మూడు సూచులను, ఒక ఉష్ణీషమును, సరిగా అదే కొలతలతో కొయ్యలో చేయించి నిలుపవలెనని మేము కోరుచున్నాము. చేయువారు దూరమున లేరు. అంతర్వేది రథము చేసిన చేతులున్నవి, కొండపల్లిలో పొనికి కొయ్యను మలచి బొమ్మలు చేయు కుటుంబములున్నవి. పిల్లవాడు తన చేతితో సూచిని లాగి చూడవలెను, మరల బెజ్జమున దూర్చవలెను. గుంటుపల్లి గుహకప్పునకు కొయ్యలో నమూనా యొకటి, తాటివాసములతో, విప్పి కూర్చుటకు వీలుగా, దాని ప్రక్కన నుండవలెను. టేకు దొరకనిచో తుమ్మకొయ్య చాలును. ఒక్క శిలావిగ్రహపు ఆవిష్కరణసభకు అగు వ్యయములో ఇది పదవ పాలైనను గాదు.